మాస్టారి అరచేయి ఆనిన చోట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ప్రభుత్వ హైస్కూలు నుంచి ప్రధానోపాధ్యాయురాలు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమె వయసు నలభై మూడు. పోయిన ఏడాది పదోన్నతి మీద ఈ బడికి హెచ్.ఎం.గా వచ్చారు. తొమ్మిది, పది తరగతుల్లో తనకు లెక్కలు చెప్పిన మాస్టారే ఇప్పుడు ఇదే బడిలో గణితం స్కూల్ అసిస్టెంటు. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతారు. హెచ్.ఎం. ప్రమోషన్ రెండుసార్లు వస్తే రెండుసార్లూ వద్దని రాసిచ్చి, నల్లబల్ల దగ్గరే ఉండిపోయిన మనిషి. "మా నాన్న కొబ్బరి దింపు పనికి పోయేవాడు. సాయంత్రాలు ఫీజు లేకుండా లెక్కలు చెప్పి నన్ను ఈ కుర్చీ దాకా తెచ్చింది ఆయనే. పీచు తాడుకు సుద్దముక్క కట్టి నేల మీద వృత్తం గీయించేవారు. తాడు రెండో కొస కదలకుండా పట్టుకోవడం నా వంతు" అని రాశారు.

బడిలో ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులకూ ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి రాసే పెద్ద డిజిటల్ తెరలు ఉన్నాయి. ఏ గదిలో ఎన్ని గంటలు వాడారో పైనుంచి లెక్క అడుగుతారు. మాస్టారి పీరియడ్లలో వాడకం సున్నా. ఒక టెలికాన్ఫరెన్సులో ఈ బడి పేరు చదివి, కారణం రాసి పంపమన్నారు. మెమో ఇమ్మని ఒక అధికారి నోటిమాటగా చెప్పారు. "ఇచ్చేయ్, ఆయన కోసం నీ సర్వీసు పాడుచేసుకుంటావా" అని భర్త. ఇక భౌతికశాస్త్రం చెప్పే కుర్ర మాస్టారు వాడకంలో మండలానికే ముందున్నారు, కానీ పీరియడంతా వీడియోలే. పిల్లల నోటుపుస్తకాలు తెరిస్తే తెల్ల కాగితాలు. మాస్టారి తరగతిలో మాత్రం పోయిన ఏడాది పదో తరగతి లెక్కలు తప్పినవాళ్లు ఇద్దరే.

స్టాఫ్ మీటింగులో ఈమె "ఇకనుంచి అందరూ రోజుకొక పీరియడైనా ప్యానెల్ మీద చెప్పాలి" అన్నారు. పేరు ఎత్తలేదు. అయినా అందరి చూపూ ఆయన మీదికే పోయింది. అప్పటిదాకా "అమ్మాయ్" అని పిలిచే మనిషి మర్నాటి నుంచి "హెచ్.ఎం. మేడం గారూ" అంటున్నారు. గదిలోకి వస్తే నిలబడే మాట్లాడతారు. కుర్చీ చూపించినా కూర్చోరు. అప్పట్నుంచి తనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు.

ఆమె ముఖ్యంగా అడిగినవి రెండు. టీచర్లకు కొత్త పరికరం మీద మనసు ఎందుకు పోతుంది, ఎందుకు పోదు? మాస్టారి విషయంలో తానేం చెయ్యాలి?

చివర తా.క. అని కొన్ని వాక్యాలున్నాయి. అవి ఆమె మాటల్లోనే: "తొమ్మిదో తరగతి గుంట ఒకర్తె నిన్న చెప్పింది. ప్యానెళ్లు పెట్టిన కొత్తలో మాస్టారు దాని మీద ఒక సిద్ధాంతం నిరూపణ రాస్తున్నారట. అలవాటు కొద్దీ ఎడమ అరచేయి బోర్డుకు ఆనించేసరికి రాసిందంతా చెరిగిపోయిందట. పిల్లలు ఘొల్లుమన్నారట. 'ఆ దినం నుండి మేస్టారు దాన్ని ముట్టుకోనేదు మేడమ్' అంది. మా ఆయా మాత్రం, లాంగ్ బెల్ (బడి వదిలే గంట) అయ్యాక ఆయన ఒక్కరే ఆ గదిలోకి వెళ్లడం రెండుసార్లు చూశానంటోంది."

సమాధానం:

అమ్మా,

మీ ఆరు పేజీలూ ఒక ఎత్తు, ఆ తా.క. ఒక ఎత్తు. అసలు సంగతి అక్కడుంది. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

సుద్దముక్కతో రాసే లెక్కల మాస్టారు ఎలా నిలబడతారో మీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది కదా. కుడిచేయి రాస్తుంటుంది. ఎడమ అరచేయి బల్లకు ఆని ఉంటుంది. ఒళ్లు సగం పిల్లల వైపు తిరిగి ఉంటుంది. ఆ అరచేయి ఊరికే ఆనదు. "ఇదిగో ఈ భుజం, ఈ భుజానికి సమానం" అని తట్టేది అదే. పై పంక్తి మరిచిపోకుండా పట్టి ఉంచేదీ అదే. ఇక ప్యానెల్ సంగతి చూడండి. చాలా ప్యానెళ్లలో వేలు తగిలితే రాత, వెడల్పుగా అరచేయి తగిలితే తుడుపు. డస్టరు వెతుక్కునే పని లేకుండా తయారుచేసినవాళ్లు సదుపాయంగానే పెట్టారు. కానీ మీ మాస్టారికి ముప్పై అయిదేళ్లు ఆసరాగా నిలిచిన అలవాటే, నిరూపణ సగంలో ఉండగా, తరగతి చూస్తుండగా, ఆయన రాసిందంతా తుడిచేసింది. పిల్లలు ఘొల్లుమనడం వాళ్ల వయసు. ఆయనకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన తగలకుండా ఉండదు.

ఆ తెర మీద ఒక పక్కన వెనక్కి తిరిగిన బాణం గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే చెరిగిపోయింది మళ్లీ వస్తుంది. ఆ రోజు ఎవరైనా ఆ బాణం చూపించి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారు కాదేమో.

కాబట్టి ముందు ఒక మాట మార్చుకుందాం. మీ ఉత్తరంలో మూడు చోట్ల "ఆయన వ్యతిరేకత" అని రాశారు. వ్యతిరేకించే మనిషి లాంగ్ బెల్ అయ్యాక ఒక్కడే ఆ గదిలోకి పోడు. ఆయనకు ఆ వస్తువు మీద ఆసక్తి ఉంది. పిల్లల ముందు మళ్లీ అలా జరుగుతుందన్న జంకూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు. మెమో వల్ల జంకు పెరుగుతుందే కానీ ఆసక్తి పెరగదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఉద్యోగంలో ఉన్న మనిషి కొత్త పరికరాన్ని ఎందుకు ఒప్పుకుంటాడన్న దాని మీద అమెరికాలో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో ఒక ముఖ్యమైన పని చేశాడు. మనిషి మనసులో రెండు ప్రశ్నలు ఉంటాయన్నాడు. దీనివల్ల నా పనికి లాభమేమిటి? ఇది నాకు సులువుగా లొంగుతుందా? ఈ రెండింటిలో మొదటిదే బరువైనదని ఆయన లెక్కల్లో తేలింది. పనికొస్తుందని నమ్మితే కష్టపడైనా నేర్చుకుంటారు. పనికిరాదనుకుంటే ఎంత సులువైనా పక్కన పెడతారు. ఆయన చూసింది ఆఫీసు పనుల్లో వాడే కంప్యూటర్లు, మన బడులు కాదు. అయినా ముప్పై ఏళ్లు టీచర్లకు శిక్షణ ఇచ్చిన నాకు ఇది అక్షరాలా నిజమనిపిస్తుంది. మా శిక్షణలన్నీ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగేవి. లాగిన్ ఎలా, బటన్ ఎక్కడ, అప్‌లోడ్ ఎప్పటిలోగా. తొమ్మిదో తరగతి వృత్తాల పాఠంలో నీకిది ఏం చేసిపెడుతుందని ఏ లెక్కల మాస్టారికీ మేం విడమరిచి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అది నా తప్పే.

విజయనగరంలో కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక శిక్షణ తరగతి నాకు ఇప్పటికీ గుర్తు. నలభై మంది టీచర్లకు మూడు కంప్యూటర్లు. కుర్రవాళ్లు ముందు వరుస పట్టేశారు. పెద్దవాళ్లు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాలుగు రోజులు గడిచినా ఒక్కరూ మౌసు ముట్టలేదు. వీళ్లకు ఆసక్తి లేదని నేను నివేదిక కూడా రాసేశాను. అయిదో రోజు భోజనాల వేళ కళ్లజోడు మరిచిపోయి గదికి వెనక్కి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. వెనక వరుసలో నిలబడే ఒక తెలుగు పండితులు మౌసును రెండు చేతులతో పట్టుకుని, తెర మీద బాణం ఎటు పోతోందో చూస్తూ మెల్లగా తిప్పుతున్నారు. అలికిడి కాగానే లేచి, "ఏం లేదండీ, ఫ్యాను కింద కూర్చుందామని" అన్నారు. నేను కళ్లజోడు తీసుకోకుండానే వచ్చేశాను. మరుసటి రోజు నుంచి భోజనాల గంటలో గదికి తాళం వేయడం మానేశాను, అటువైపు వెళ్లడమూ మానేశాను. శిక్షణ ముగిసేనాటికి వెనక వరుస నుంచి ఏడుగురు కుర్చీల్లో కూర్చున్నారు. మేం పాఠంగా చెప్పిన దానివల్ల కాదు, ఎవరూ చూడని చోటు దొరికింది గనక.

అల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, నేను చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుందో రాశాడు. అన్నిటికంటే బలంగా వచ్చేది సొంతంగా చేసి నెగ్గిన అనుభవం నుంచి. తర్వాత, తనలాంటి మరొకరు చేయడం చూసి. "మీరు చేయగలరండీ" అని ఎదుటివాళ్లు చెప్పే మాట వీటి ముందు తేలిపోతుంది. ఇక్కడ 'తనలాంటి' అన్న మాట చూడండి. మీ బడిలో ప్యానెల్ బాగా వాడుతున్నది పాతికేళ్ల పైబడిన కుర్ర మాస్టారు. ఆయన్ని చూసి మీ మాస్టారికి నమ్మకం రాదు, ఇది వాళ్ల వయసు వాళ్లదనిపిస్తుంది. పక్క ఊరి బడిలో యాభై ఎనిమిదేళ్ల లెక్కల మాస్టారు ఎవరైనా వాడుతుంటే ఆయన ఒక్క పీరియడు వందమంది కుర్రవాళ్లతో సమానం. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో అలాంటివారి కోసం వాకబు చేయండి.

ఇంకొక కారణం ఉంది. ఇది అధికారులకు చెప్పినా వినరు గానీ మీకు చెప్పాలి. మన రాష్ట్రంలో టీచర్ల చేతికి ఈ యంత్రాలు ఏ రూపంలో వచ్చాయో గుర్తు చేసుకోండి. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపడమూ టీచరు పనే అయింది. అదే ఏడు డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు ట్యాబులు ఇచ్చారు. ఆ తర్వాత గోడల మీదికి ప్యానెళ్లు వచ్చాయి. అంటే చాలామంది టీచర్లకు టెక్నాలజీ మొదట పరిచయమైంది తమను కాపు కాసే కన్నుగా. ప్యానెల్ వచ్చేసరికి ఇదీ ఆ వరసలోదే అనుకున్నారు. గంటల లెక్క అడిగి మనం ఆ అనుమానాన్ని నిజం చేశాం.

గంటల లెక్కతో ఇంకో చేటు ఉంది. 1971లో ఎడ్వర్డ్ డెసి కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిళ్లు ఇచ్చి చూశాడు. పజిలు విప్పినందుకు డబ్బు తీసుకున్నవాళ్లు, డబ్బు ఆగిపోయాక ఖాళీ సమయంలో దాని జోలికి పోవడం తగ్గించారు. ఊరికే ఆడినవాళ్లకు ఆసక్తి అలాగే ఉంది. బయటి నుంచి వచ్చే లెక్క లోపలి ఇష్టాన్ని తినేస్తుంది. మీ భౌతికశాస్త్రం మాస్టారిని ఈ కోణంలోంచి చూడండి. ఆయనకు ప్యానెల్ అంటే నిజంగానే ఇష్టం ఉండి ఉంటుంది. మండలంలో ముందున్నావని అందరూ మెచ్చుకునేసరికి ఇష్టం పాఠం మీంచి గంటల మీదికి జారింది. పిల్లల నోటుపుస్తకాలు ఖాళీగా ఉండడానికి కారణం ఆయన సోమరితనం కాదు, మనం ఆయన్ని అడిగిన ప్రశ్న. 'ఎన్ని గంటలు' అనడం మాని 'ఏ పాఠంలో, ఎందుకు' అని అడిగి చూడండి. వీడియో మూడు నిమిషాలకు ఆపి "తర్వాత ఏమవుతుందో రాయండి" అనడం ఆయనకు ఒకటి రెండు వారాల్లో పట్టుబడుతుంది.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏ దారిలో ఏముందో చెబుతాను. ఎటు పోవాలో మీకే తెలియాలి, ఆయన మీ గురువు గనక.

మెమో ఇస్తే వాడకం పెరుగుతుంది. మర్నాడే ఆయన ప్యానెల్ ఆన్ చేసి ఏదో ఒక వీడియో పెట్టి, పక్కన నల్లబల్ల మీద తన పాఠం తాను చెప్పుకుంటారు. గంటలు నిండుతాయి. కానీ మెమోకు సంజాయిషీ రాయాలి కదా. ఆయన ఏం రాస్తారు? అరచేయి ఆనితే చెరిగిపోయింది, పిల్లలు నవ్వారు అని రాస్తారా? ఆరోగ్య కారణాల రీత్యా అని రాస్తారు. అసలు కారణం ఫైలుకెక్కదు, మీ ఇద్దరి మధ్యకూ రాదు. రేపు ఆయన పెన్షను కాగితాలు పంపాల్సిందీ మీరే, వీడ్కోలు సభలో శాలువా కప్పాల్సిందీ మీరే. మెమో ఇవ్వడం తప్పని నేను అనను. హెచ్.ఎం. కుర్చీకి ఆ అవసరం కొన్నిసార్లు వస్తుంది. పాఠం చెప్పని మనిషికి ఇవ్వాలి. ఈయన పాఠం చెబుతున్నారు.

పద్నాలుగు నెలలే కదా అని వదిలేయడం ఇంకో దారి. 2022లో పదవీ విరమణ వయసు 62కు పెంచకపోయి ఉంటే ఈపాటికి ఆయన ఇంట్లో ఉండేవారే. పిల్లలకు దీనివల్ల పెద్ద నష్టమూ లేదు. సుద్దముక్కతో నిరూపణ రాసేటప్పుడు చేయి కదిలే వేగానికే పిల్లవాడి బుర్ర నడుస్తుంది. తెర మీద ఒక్కసారిగా వచ్చి పడే నిరూపణ కంటే అది చాలాసార్లు మేలు. అధికారుల మాట మీరు పడాల్సి ఉంటుంది. మిగతా టీచర్లు, మాస్టారికి ఒక న్యాయం మాకు ఒక న్యాయమా అంటారు. దానికి మీ దగ్గర జవాబు లేకపోలేదు. నన్ను ఈ దారిలో ఆపేది ఒక్కటే. వదిలేస్తే ఆయనకు గౌరవం ఇచ్చినట్టు మీకు అనిపిస్తుంది. ఇంక ఈయనతో పని లేదని బడి తేల్చేసినట్టు ఆయనకు అనిపించవచ్చు. లాంగ్ బెల్ తర్వాత గదిలోకి వెళ్తున్న మనిషికి ఆ మాట మరీ కష్టంగా తగులుతుంది.

మూడో దారి మీరు విద్యార్థిగా ఆయన దగ్గరకు వెళ్లడం. మీ గదికి పిలవకండి. స్టాఫ్ రూములోనూ వద్దు. ఆ గుంట చెప్పిన మాట ఎత్తకండి. ఎత్తితే ఆ పిల్ల ఇరుకున పడుతుంది, ఆయన మరోసారి చిన్నబోతారు. ముందు ఒక చిన్న పని చేయండి. కొన్ని ప్యానెళ్లలో అరచేతి తుడుపును సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. మీ ప్యానెళ్లలో కుదురుతుందేమో చూసి, కుదిరితే అన్ని గదుల్లోనూ ఆపేయండి. కుదరకపోతే స్టాఫ్ మీటింగులో మీరే ప్యానెల్ మీద నాలుగు ముక్కలు రాసి, అరచేయి ఆనించి, అందరి ముందూ చెరిగిపోనిచ్చి, బాణం నొక్కి వెనక్కి తెప్పించండి. ఆయన వైపు చూడొద్దు. ఆయనకు చేరాల్సింది చేరుతుంది.

తర్వాత ఒక సాయంత్రం ఆయన్ని అడగండి: "మాస్టారూ, ఇన్నేళ్లలో ఏ పాఠం దగ్గర బల్ల చాలదనిపించింది?" ప్యానెల్ పేరెత్తకండి. ఏ లెక్కల మాస్టారికైనా అలాంటి పాఠం ఒకటుంటుంది. నా అనుమానం, అర్ధవృత్తంలోని కోణం లంబకోణమన్నది. బల్ల మీద ఒక బొమ్మ గీసి, చాపం మీద ఒక బిందువు పెట్టి చూపిస్తాం. పిల్లవాడు ఆ ఒక్క బిందువు దగ్గరే అది నిజమనుకుంటాడు. మూడు బొమ్మలు గీస్తాం. మూడు చోట్ల నిజమనుకుంటాడు. 'ఎక్కడైనా' అన్న మాట సుద్దముక్కకు లొంగదు. 2001లో ఆస్ట్రియాలో మొదలైన జియోజెబ్రా అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో ఆ బిందువును వేలితో పట్టి చాపం మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే, కోణం పక్కన ఉన్న 90 అన్న అంకె కదలదు. చాపానికి కట్టుబడని విడి బిందువు ఇంకొకటి పెట్టి, దాన్ని చాపం దాటించి లోపలికి లాగండి, దాని కోణం అంకె పెరుగుతుంది. బయటికి లాగితే తగ్గుతుంది. గీత మీద ఉన్నంతసేపే తొంభై. అది చూశాక పిల్లవాడు "ఎందుకలా?" అంటాడు. నిరూపణ రాయాల్సింది అప్పుడు, నల్లబల్ల మీద, మాస్టారి చేత్తో. చూపించడం ప్యానెల్ పని, రుజువు చేయడం ఆయన పని.

మీకు రాకపోతే మరీ మంచిది. ఇద్దరూ కలిసి తడుముకోండి. తలుపు దగ్గరగా వేసుకోండి. ఫోటో తీయకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పెట్టారా, అది మళ్లీ గంటల లెక్కే అయిపోతుంది.

ఈ దారిలోనూ పూచీ లేదు. రెండు సాయంత్రాలు చూసి ఆయన "నాకొద్దమ్మా" అనవచ్చు. అప్పుడది తెలిసి చెప్పిన మాట అవుతుంది. దాన్ని గౌరవించాలి. సాగదీయకండి.

మాస్టారిని కుర్ర మాస్టారితో జత చేయడం గురించి కూడా అడిగారు. ఒక్క షరతు మీద మంచిదే: ఇచ్చిపుచ్చుకోవడంగా ఉండాలి. పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించడం, బల్లను భాగాలుగా వాడుకోవడం, వెనక బెంచీ దాకా తరగతిని పట్టి ఉంచడం మీ మాస్టారి దగ్గరుంది, ఆ కుర్రవాడికి లేదు. వాళ్లిద్దరి పీరియడ్లూ ఒకరిది ఖాళీగా ఉన్నప్పుడు ఒకరిది ఉండేలా టైంటేబుల్ సర్దండి. ముందు కుర్రవాడిని ఆయన తరగతిలో వెనక కూర్చోబెట్టండి. పెద్దాయన కుర్రవాడి దగ్గరకు నేర్చుకోడానికి వెళ్లడం అన్నది తర్వాత దానంతటదే వస్తే వస్తుంది. వరస తిరగబడితే, అంటే ముందు పెద్దాయనే వెళ్లాల్సి వస్తే, మొత్తం చెడుతుంది.

పిల్లల చేత ప్యానెల్ నడిపించడమన్నది మీ మాస్టారి నోట్లోంచి వస్తేనే చేయండి.

మరొక సంగతి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక బడులకు సైన్సు, లెక్కల కిట్లు వచ్చాయి. నేను చూసిన చాలా బడుల్లో అవి బీరువాలోంచి బయటికి రాలేదు. పగిలితే జీతంలో కోస్తారన్న భయం. లక్షల విలువ చేసే ప్యానెల్ ముందు ఆ భయం ఇంకా ఎక్కువ ఉంటుంది, ఎవరూ పైకి అనరంతే. వాడుతుండగా పాడైతే బాధ్యత తనదని హెచ్.ఎం. స్టాఫ్ రిజిస్టరులో రాసి సంతకం పెడితే, అది పది శిక్షణల పెట్టు. ఆ ధైర్యం మీకుందా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఇబ్బంది వస్తే నిజంగానే మీ మీదికి వస్తుంది.

అధికారులకు ఏం రాయాలి? అబద్ధం రాయకండి. ఊరికే ఆన్ చేసి ఉంచి గంటలు నింపే బడుల గురించి మీరే రాశారు, ఆ దారి పట్టకండి. గణితంలో ప్యానెల్ అవసరమైన పాఠాలు ఇవి, ఈ నెల ఈ పాఠం ఈ తేదీన, తర్వాత పిల్లలకు ఈ చిన్న పరీక్ష అని ఒక పేజీ రాసి పంపండి. వృత్తాలు, ఘనపరిమాణాలు, బహుపదుల గ్రాఫులు, ఎత్తులు దూరాలు. పదో తరగతి ఫలితం కింద జతచేయండి. దానికి కోపం వచ్చే అధికారి ఉండొచ్చు. చదివి ఫోన్ చేసే అధికారి కూడా ఉంటారు, నేను ఇద్దరినీ చూశాను. ఈ కాగితం మాస్టారితో కలిసి తయారుచేస్తే పాఠాల జాబితా ఆయనదవుతుంది. తాను ఎంచుకున్న దాని మీద మనిషికి ఉండే పట్టుదల వేరు.

మీకు పర్లాకిమిడి దూరం కాదు. గిడుగు రామమూర్తి పంతులు అక్కడే బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మాట విని, ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని తానే నేర్చుకున్నాడు. వాళ్ల పిల్లలకు పుస్తకాలు రాశాడు, బడులు పెట్టాడు. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టండి అన్నాడని చెబుతారు. ఆయన్ని ఆ కొత్త పనిలోకి దించింది ఏ ఉత్తర్వూ కాదు. ఎదురుగా ఉన్న పిల్లలకు తన దగ్గరున్నది చాలడం లేదని ఆయనే గమనించాడు. మీ మాస్టారిని నేను అడగమన్న ప్రశ్న కూడా అదే.

ఆఖరుగా 'మేడం గారూ' అన్న పిలుపు. దాన్ని మాన్పించాలని చూడకండి, "అలా పిలవకండి మాస్టారూ" అనీ అనకండి. స్టాఫ్ మీటింగులో మీరన్న మాట తప్పు కాదు, అన్న చోటు తప్పు. ఆ ఒక్క ముక్కకు మాత్రం క్షమాపణ చెప్పండి, ఆయన ఇంటికి వెళ్లి, వాళ్లావిడ గారు ఇచ్చిన టీ తాగాక. మెమో గురించీ ప్యానెల్ గురించీ ఆ రోజు మాట్లాడొద్దు. తర్వాత ఆయన మిమ్మల్ని ఏమని పిలిచినా పలకండి. మీ గదిలోకి వచ్చి నిలబడితే మీరూ లేచి నిలబడండి. కూర్చోవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. మీరు లేచి నిలబడటం మాత్రం ఆయన చూస్తారు.